దూరపు కంప్యూటరుకు తాళము

దూరముననున్న కంప్యూటరును తన బల్లవద్ద కూర్చుండియే నడపుటకు టెల్నెట్ అను పద్ధతి 1969లో అమెరికాలో ప్రతిపాదింపబడినది. మీట నొక్కిన ప్రతి అక్షరము తీగవెంట అవతలి యంత్రమునకు పోవును. అచటి జవాబు తెరపైకి వచ్చును. ఆనాడు ఆ తీగలను వాడినవారు కొద్దిమంది పరిశోధకులు. ఇంటివారి మధ్య గడియ యెందుకని కాబోలు, అక్షరములను మరుగుపరచు ఏర్పాటు అందులో లేదు. పాస్‌వర్డు సైతము పోస్టుకార్డుపై వ్రాతవలె బయటపడియే పోయెడిది.

1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో ఎవరో చాటుగా పొంచి అట్టి పాస్‌వర్డులను ప్రోగుచేసిరి. అచటి పరిశోధకుడు తాతు యులోనెన్ దీనికి విరుగుడుగా ఆ యేడు జులైలో ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని వెలువరించెను. టెల్నెట్ ద్వారము సంఖ్య 23, ఫైళ్లు పంపు పద్ధతిది 21. నడుమ ఖాళీగా నున్న 22ను ఆయన అడిగి పుచ్చుకొనెను.

పాస్‌వర్డు నొక్కదానినే సంకేతముగా మార్చిన చాలదా? చాలదు. దొంగకు దాని అర్థముతో పనిలేదు. ఆ సంకేతమునే నకలుతీసి మరునాడు పంపవచ్చును. లేదా, అసలు మనిషి లోనికి పోవువరకు ఊరకుండి, పిమ్మట నడుమ తన ఆజ్ఞను దూర్చవచ్చును. కనుక ముందు దారినంతయు మూసి, తరువాతనే "ఎవరు నీవు?" అని అడుగవలెను.

కాని దారి మూయుటకు ఇరువురికి ఒక రహస్యసంఖ్య కావలెను. పొంచియున్నవాడు వినుచుండగా దాని నెట్లు కుదుర్చుకొందురు? డిఫీ, హెల్మన్ అనువారు 1976లో ఉపాయము చెప్పిరి. 19, 2 అను సంఖ్యలు అందరికి తెలిసినవే అనుకొందము. మొదటి యంత్రము 3ను దాచుకొని, మూడు రెండ్లను హెచ్చవేసి 8ని పంపును. రెండవది 5ను దాచుకొనును, ఐదు రెండ్ల లబ్ధము 32, దానిని 19చే భాగింపగా శేషము 13, దానిని పంపును. మొదటిది మూడు పదమూడ్లను హెచ్చవేయగా 2197. 19చే భాగించిన శేషము 12. రెండవది ఐదు ఎనిమిదులను హెచ్చవేయగా 32768. శేషము మరల 12! ఈ 12 తీగపై ఎన్నడును పోలేదు. ఇంత చిన్న సంఖ్యలైన దొంగ క్షణములో లెక్కగట్టును; వాడుకలో నున్నవి ఆరువందలకు పైగా అంెకెలు గలవి కూడ కలవు.

ఇక మనిషిని గుర్తించుట. అతనికి జంట తాళపుచెవులుండును: ఒకటి బహిరంగము, రెండవది రహస్యము. రహస్యపు చెవితో అతని యంత్రము ఆనాటి సంభాషణ గుర్తుపై సంతకము చేయును. బహిరంగపు చెవితో అవతలివారు సరిచూతురు. నేటి సంతకము రేపటికి చెల్లదు; రహస్యపు చెవి ఇల్లు కదలదు.

అన్నిటికంటె చిక్కైనది మరొకటి. అవతల నున్నది నిజముగా ఆ కంప్యూటరేనా, నడుమ చేరిన వంచకుడా? అందుకై ఆ కంప్యూటరు కూడ తన చెవితో సంతకము చేయును. మొదటిసారి ఆ చెవియొక్క వేలిముద్రవంటి అక్షరముల వరుస తెరపై కనబడి, "నమ్ముదువా?" అని ప్రశ్న వచ్చును. చదువకయే "ఔను" అనువారే హెచ్చు! తరువాత ముద్ర మారినచో యంత్రము హెచ్చరించును గాని, తొలిసారియే వంచకుడు ఎదురైనచో దానికి పోల్చుకొనుటకు ఏమియు నుండదు. కనుక ఆ ముద్రను కంప్యూటరు యజమాని నుండి ఫోనులోగాని కాగితముపైగాని ముందే తెచ్చుకొని, అక్షరము అక్షరము సరిచూచుకొనవలసియున్నది.