గాజు తొట్టెలో మలావీ, గడప ముందు శబరి

రంగురంగుల ఆఫ్రికా సిక్లిడ్ చేపల్ని ఇంట్లో పెంచుకోవడం ఓపికతో కూడిన పనే. వరద ఊళ్లోకి వచ్చే కొంటాలో ఆ సరదాకి మరో లెక్క కూడా ఉంది

నిమ్మపండు రంగులో మెరిసే ఎల్లో ల్యాబ్, పేరుకు తగ్గ ఎలక్ట్రిక్ బ్లూ, రంగులు మార్చే పీకాక్. చూడగానే సముద్రపు చేపలనిపిస్తాయి. కానీ ఉప్పునీటి అక్వేరియం ఖర్చు, తలనొప్పి వీటికి అక్కర్లేదు. ఆఫ్రికా సిక్లిడ్‌లకు ప్రపంచవ్యాప్తంగా ఇంతమంది అభిమానులు ఉండటానికి ప్రధాన కారణం అదే. వీటిలో ఎక్కువ భాగం మలావీ సరస్సు సంతతి. ఆ ఒక్క సరస్సులోనే 800కు పైగా సిక్లిడ్ జాతులున్నాయని అంచనా. అయితే దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ తొట్టెల్లో పుట్టి పెరిగినవే, ఆఫ్రికా మొహం చూడనివే. వాస్తు పేరుతో హాల్లో వెలిసే ఫ్లవర్‌హార్న్ కూడా సిక్లిడే. కాకపోతే దాని మూలాలు అమెరికా ఖండాలవి, ఆ సంకరాన్ని సృష్టించింది మలేసియా పెంపకందార్లు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరుకు పొరుగున ఉన్న కొంటాలో ఇలాంటి తొట్టె పెట్టుకోవాలనుకునేవారు చేపల కంటే ముందు నీటి సంగతి చూసుకోవాలి. మలావీ నీరు క్షారగుణం ఉన్న కఠిన జలం. పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య, ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే ఈ చేపలు హాయిగా ఉంటాయి. బావి నీరైనా, బోరు నీరైనా పరీక్షించకుండా పోయకూడదు. పీహెచ్ తక్కువైతే సున్నపురాయి ముక్కలో, పగడపు పొడో, ఆల్చిప్పలో వేస్తే సర్దుకుంటుంది. కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టాలి. వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో అసలు చిక్కు హీటరుతో కాదు, వేడితో. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ నిలవదు. కరెంటు పోయిన రాత్రి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు లేకపోతే తెల్లారేసరికి తొట్టె ఖాళీ కావచ్చు.

రెండో విషయం వాటి స్వభావం. రాళ్ల మధ్య బతికే ఎంబునా జాతులు మహా కోపిష్ఠివి. తన రాయి దగ్గరికి వచ్చిన మరో మగచేపని చచ్చేదాకా తరుముతాయి. అందుకే 200 లీటర్లకు తగ్గని పొడవాటి తొట్టె, నిండా రాళ్లూ గుహలూ, ఒక్కో మగచేపకు మూడు నాలుగు ఆడచేపలు ఉండాలంటారు పెంపకందార్లు. మిగతా చేపల విషయంలో తప్పనిపించే కిక్కిరింపు ఇక్కడ ఒక ఉపాయం. ఎవర్ని తరమాలో తెలియక దాడి పదిమందికీ పంచబడుతుంది. నాచు తిని బతికే ఈ జాతులకు ముద్దుకొద్దీ మాంసం పెడితే పొట్ట ఉబ్బి చస్తాయి. స్పైరులినా ఉన్న మేత చాలు.

ఇంత కష్టానికీ ప్రతిఫలం ఒక దృశ్యం. ఆడచేప గుడ్లు పెట్టిన వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. దాదాపు మూడు వారాలు మేత ముట్టకుండా వాటిని మోస్తుంది. పిల్లలు ఈదగలిగాక వదులుతుంది. గుడ్లను మరో చేప తినే అవకాశమే ఉండదు.

అభిమానుల్ని కట్టిపడేసే ఈ లక్షణమే గాజు గోడ దాటితే సమస్య అవుతుంది. దానికి సాక్ష్యం మన చెరువుల్లోనే ఉంది. కొన్నిచోట్ల జిలేబీ చేప అని పిలిచే తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే, నోట్లోనే గుడ్లు పొదిగేదే. చేపల ఉత్పత్తి పెంచుతుందన్న ఆశతో మొజాంబిక్ తిలాపియాను 1952లో భారత్‌కు తెచ్చారు. అది రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టి, ఏడాదిలో పలుమార్లు పిల్లల్ని చేసి, చెరువుల్ని చిన్న చిన్న చేపలతో నింపేసింది. ఏడేళ్లకే, 1959లో, దాని వ్యాప్తిపై నిషేధం వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. రాజస్థాన్‌లోని జైసమంద్ సరస్సులో తిలాపియా చేరాక బొచ్చె, రోహు వంటి చేపల సగటు బరువు పడిపోయిందని మత్స్య శాస్త్రవేత్తలు నమోదు చేశారు. గోదావరి, కృష్ణల్లోనూ అది స్థిరపడింది. తర్వాత ప్రభుత్వమే మెరుగుపరిచిన గిఫ్ట్ రకం తిలాపియాను షరతులతో అనుమతించింది. విజయవాడ సమీపంలోని మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం దాని పెంపకం చేపట్టింది. తిండికి పనికొచ్చే చేప కాబట్టి ఆ రాజీ అర్థమవుతుంది. నీలం రంగు చేప కోసం అలాంటి రాజీకి కారణమేమీ కనబడదు.

విచిత్రమేమిటంటే సొంతగడ్డ మీద సిక్లిడ్‌లే బాధితులు. విక్టోరియా సరస్సులో 1950లలో వదిలిన నైలు పెర్చ్ వందల సిక్లిడ్ జాతుల్ని మింగేసింది. తొట్టెల నుంచి జారిపోయిన మరో చేప, ఒళ్లంతా కవచం ఉండే సక్కర్ ఫిష్, ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో వలలు చింపుతోంది. తూర్పు కనుమల నీటి వనరుల్లో దాని జాడను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ అవశేషాల ద్వారా పసిగట్టారు. మలావీ చేపలన్నీ శబరిలో నిలదొక్కుకుంటాయని చెప్పలేం. వాటికి కావలసిన నీరు వేరు. కానీ ఆ ప్రయోగం నదిలో చేయాల్సింది కాదు. కొరమేను, రోహు, చిన్నచేపల మీద ఆధారపడిన కుటుంబాలు ఒడ్డునే ఉన్నాయి.

పైగా కొంటాలో చేపని ఎవరూ నదిలో వదలనక్కర్లేదు, నదే ఇంటికి రావచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు, కొంటా ప్రాంతాలు జలమయమయ్యాయి. అంతకన్నా ఎత్తున 75.6 అడుగులు వచ్చింది 1986లో. పోలవరం నిండితే శబరి వెంట నీరు ఎక్కడిదాకా నిలుస్తుందన్న వివాదాన్ని ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాయి. పారే నీటి కంటే నిలిచిన నీరే తిలాపియాకు ఇష్టం.

కాబట్టి తొట్టె పెట్టేవారు దాన్ని పైఅంతస్తులో పెట్టుకోవాలి. అది కుదరకపోతే వానలు మొదలవగానే చేపల్ని మూతపెట్టిన డబ్బాల్లో ఎత్తైన చోటుకి చేర్చే ఏర్పాటు ముందే చూసుకోవాలి. పెరిగిపోయిన వాటిని, కొట్లాడే వాటిని కొన్న దుకాణానికో, మరో పెంపకందారుకో ఇచ్చేయాలి. మార్చిన నీటిలో కంటికి ఆనని పిల్లలుండొచ్చు. దాన్ని కాలువలో కాదు, మొక్కల మొదట్లో పోయాలి.