ఏనుగు పోయినా ఆట పోదు
మనిషి మెచ్చిన ఎత్తు యంత్రానికి తెలుసా?

బనగానపల్లె: రాయలసీమ పల్లెల్లో గుడి మంటపాల బండల మీదా, రచ్చబండల మీదా గీసిన పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఆటలో మేకల పక్షం ఆడేవాడికి ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. ప్రతి మేకనూ కాపాడుకోవాలని చూసేవాడు చివరికి మందనంతా పోగొట్టుకుంటాడు. సమయం చూసి ఒక మేకను పులి నోటికి అందించి, అది దూకిన చోటనే దాన్ని కట్టేసేవాడు నెగ్గుతాడు.

చదరంగంలోనూ ఇలాంటి ఎత్తు ఒకటుంది. ఏనుగును ఇచ్చి, దానికంటే విలువ తక్కువైన గుర్రాన్నో శకటునో తీసుకోవడమే ఆ ఎత్తు. శకటును కొన్ని ఊళ్లలో ఒంటె అంటారు. ఏనుగునిచ్చినందుకు వెంటనే దక్కేదేమీ ఉండదు. ఎదుటి రాజుకు షా కూడా ఉండదు. తన పావుల చోటు బాగుపడుతుంది, ఎదుటివాడి పావులకు ఊపిరాడదు. అంతే! ఆరితేరిన ఆటగాళ్లకు ఈ ఎత్తంటే ప్రాణం. మరి నేడు సెల్‌ఫోన్లలో దొరికే చదరంగం యంత్రాలు దీన్ని కనిపెట్టగలవా, లేక తప్పు కింద కొట్టిపారేస్తాయా? వినడానికి ఇది పండితుల వాదంలా ఉండవచ్చు. కాని దగ్గరలో గురువు లేక, ఫోనునే గురువుగా పెట్టుకుని ఆట నేర్చుకునే పల్లె పిల్లలకు ఇది సొంత సమస్యే.

కాగితం మీది లెక్క

చదరంగం ఆడే కంప్యూటర్ కార్యక్రమాన్ని 'చెస్ ఇంజిన్' అంటారు. బావి మీద పెట్టే ఆయిల్ ఇంజిన్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. దీని పని ఎత్తులు వెతకడం, ఎవరిది పైచేయో అంకెల్లో చెప్పడం.

ఆ అంకెలకు పునాది పాత లెక్కే. బంటు ఒకటి, గుర్రం మూడు, శకటు మూడు, ఏనుగు అయిదు, మంత్రి తొమ్మిది. అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో అచ్చయిన వ్యాసంలో, యంత్రం చేత చదరంగం ఆడించే పద్ధతిని ఈ విలువలతోనే వివరించాడు. ఈ లెక్కన ఏనుగునిచ్చి గుర్రాన్ని తీసుకుంటే రెండు బంట్ల నష్టం. పద్దు రాసే గుమాస్తాను అడిగితే ఇది దండగ బేరమే అంటాడు.

బనగానపల్లె మామిడి రైతుకు ఈ పద్దు కొత్త కాదు. జొన్నో కందో పండే చేనులో అంటుమొక్కలు నాటినవాడు మొదటి నాలుగైదేళ్లు చెప్పుకోదగ్గ కాపు చూడడు. ఆ ఏళ్ల జమాఖర్చు మాత్రమే చూస్తే నష్టం తప్ప మరొకటి కనిపించదు. అయినా నాటాడు కనుకనే ఈ ఊరి పేరు మామిడిపండు మీద దేశమంతా తిరిగింది. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నష్టం ఈ ఏటి పద్దులో పడుతుంది, లాభం రాబోయే ఏళ్ల పద్దులో పడుతుంది. ఏనుగు బలి కూడా అలాంటిదే.

పెట్రోసియాన్ చేసిన పని

ఈ ఎత్తు పేరు చెప్పగానే చదరంగం తెలిసినవారికి గుర్తుకు వచ్చే మనిషి టిగ్రాన్ పెట్రోసియాన్. అర్మేనియా జాతీయుడు, 1963 నుంచి 1969 వరకు ప్రపంచ ఛాంపియన్. 1953లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో జరిగిన పోటీలో ఆయన నల్లపావులతో అమెరికా ఆటగాడు శామ్యూల్ రెషెవ్‌స్కీని ఎదుర్కొన్నాడు. తెల్లబంట్లు రెండు నడిమధ్యన జోడెడ్లలా ముందుకు తోసుకువస్తున్నాయి. నల్ల ఏనుగులకు కదలడానికి చోటు లేదు. ఊరికే కూర్చుంటే ఓటమి ఖాయం.

అప్పుడు 25వ ఎత్తులో పెట్రోసియాన్ తన ఏనుగును తెల్లశకటు కొట్టగలిగిన గడిలోకి తానే తోశాడు. దానితో షా లేదు, బెదిరింపు లేదు. చూసేవారికి చేయిజారినట్టే కనిపిస్తుంది. అసలు సంగతి గుర్రం దగ్గర ఉంది. ఏనుగు తప్పుకోవడంతో గుర్రానికి దారి దొరికింది. రెషెవ్‌స్కీ ఏనుగును కొట్టాడు. గుర్రం వచ్చి, బంట్ల దారికి అడ్డంగా, నడిమధ్యన ఎవరూ కదిలించలేని గడిలో కూర్చుంది. పంటకాలువ తూముకు అడ్డంగా పెద్ద బండ వేసినట్టయింది. తెల్లవారికి ఏనుగు ఎక్కువున్నా అది పరుగెత్తే బాట లేకుండా పోయింది. చివరికి రెషెవ్‌స్కీ కూడా తన ఏనుగును శకటుకు ఇచ్చి లెక్క సరిచేసుకోవలసి వచ్చింది. ఆట 41 ఎత్తుల్లో డ్రాగా ముగిసింది. ఓడవలసిన ఆటను నిలిపిన ఆ ఎత్తును డెబ్భై ఏళ్లు దాటినా పాఠంగా చెబుతూనే ఉన్నారు.

నిలబెట్టుకోవడానికే కాదు, నెగ్గడానికీ ఇది ఆయుధమే. 1994లో హోర్గెన్‌లో అలెక్సీ షిరోవ్‌తో ఆడుతూ గారీ కాస్పరోవ్ 17వ ఎత్తులో ఏనుగుతో ఒక శకటును కొట్టాడు. ఆ ఏనుగును కొట్టిన షిరోవ్ గుర్రం మూలన పడింది. కాస్పరోవ్ మరుసటి ఎత్తులోనే బంటును తోసి, ఆ గుర్రం బయటికి రాకుండా కట్టేశాడు. బలహీనపడిన గళ్లను ఆక్రమించుకుని ఆటనూ గెలిచాడు.

యంత్రం చూపు ఎక్కడ ఆగింది?

పాత యంత్రాలకు ఇలాంటి ఎత్తు రుచించకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, చూపు మేర. లాంతరు పట్టుకుని చేనుగట్టు మీద నడిచేవాడికి వెలుగు పడినంత మేరే దారి కనిపిస్తుంది. యంత్రం కూడా కొన్ని ఎత్తుల వరకే వెతికి, అక్కడ ఆగి లెక్క కడుతుంది. ఏనుగు పోయిన నష్టం రెండో ఎత్తులోనే కనిపిస్తుంది. గుర్రం వల్ల కలిగే లాభం ఇరవై ఎత్తుల తరువాత గాని బయటపడదు. రెండోది, విలువ కట్టే తీరు. నడిమధ్యన గుర్రానికి ఎంత, తెరుచుకున్న బాటలో ఏనుగుకు ఎంత అనే కొలతలను మనుషులే ముందుగా రాసి యంత్రానికి ఇచ్చేవారు. ఆ కొలతల్లో పావుల లెక్కదే పెత్తనం.

1997 మే నెలలో న్యూయార్క్‌లో ఐబీఎం కంపెనీ తయారుచేసిన 'డీప్ బ్లూ' కాస్పరోవ్‌ను మూడున్నర - రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించింది. ఆ యంత్రం సెకనుకు ఇరవై కోట్ల స్థితులను పరిశీలించేది. అయినా దానికి ఆ బలం చేకూర్చినవి వెతుకులాట వేగమూ, మనుషులు పేర్చి ఇచ్చిన కొలతలూను. ఎత్తుకు ఎత్తు లెక్కలో యంత్రమే మేలనీ, చోటును బేరీజు వేయడంలో మాత్రం మనిషిదే పైచేయి అనీ ఆ రోజుల్లో ఆటగాళ్లు ధైర్యంగా చెప్పుకునేవారు.

తనకు తానే నేర్చుకున్న యంత్రం

ఆ ధైర్యం 2017 డిసెంబరులో సడలింది. లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ 'ఆల్ఫాజీరో' అనే కార్యక్రమాన్ని ప్రకటించింది. దానికి ఆట నియమాలు తప్ప మనుషుల ఆటలేవీ చూపలేదు. పావుల విలువలూ చెప్పలేదు. తనతో తానే లక్షలాది ఆటలు ఆడుకుని, ఏ స్థితిలో గెలుపు ఎక్కువగా వచ్చిందో చూసుకుంటూ నేర్చుకుంది. అప్పటి మేటి ఇంజిన్ 'స్టాక్‌ఫిష్'తో వంద ఆటలాడి 28 గెలిచి, 72 డ్రా చేసింది. పోటీ షరతులు స్టాక్‌ఫిష్‌కు సరిగా లేవని విమర్శ వచ్చింది. షరతులు మార్చి ఆడించిన వెయ్యి ఆటల ఫలితాన్ని 2018 డిసెంబరులో ప్రకటించారు. అందులోనూ ఆల్ఫాజీరో 155 గెలిచి, ఆరు మాత్రమే ఓడింది.

చూసినవారిని ఆశ్చర్యపరిచింది అంకెలు కాదు, ఆట తీరు. బంట్లనూ, అవసరమైతే ఏనుగునూ వదులుకుని, ఎదుటి పావులను కదలనీయకుండా బిగించడం దాని అలవాటుగా కనిపించింది. మనిషి సొత్తు అనుకున్న ఎత్తును, ఏ మనిషీ నేర్పకుండానే యంత్రం వేసింది.

తేడా ఎక్కడుందో పశువుల సంతకు వెళ్లినవారికి తెలుస్తుంది. పళ్లు చూసి, వయసు లెక్కగట్టి ధర చెప్పేవాడు ఒకడు. ఎద్దు నడక, మెడ, చూపు ఒక్కసారి చూసి 'ఇది దుక్కికి పనికొస్తుంది' అనేవాడు మరొకడు. పాత ఇంజిన్ మొదటివాడు, కొత్త ఇంజిన్ రెండోవాడు. వేలాది ఎడ్లను చూసిన కన్నులాంటి ఆ నేర్పుకే 'న్యూరల్ నెట్‌వర్క్' అని పేరు. జపాన్ చదరంగమైన షోగి కోసం యూ నాసు అనే ఆయన 2018లో కనిపెట్టిన ఇలాంటి పద్ధతినే 2020 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ తన 12వ కూర్పులో చేర్చుకుంది. స్టాక్‌ఫిష్ ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఇంజిన్. కనుక ఈ నేర్పు నేడు పల్లెలోని సెల్‌ఫోన్‌కూ చేరింది.

అయినా మిగిలిన తేడా

అంటే ప్రశ్నకు జవాబు దొరికినట్టేనా? సగం దొరికింది. బలమైన ఏనుగు బలి ఎత్తులను కొత్త ఇంజిన్లు కనిపెడుతున్నాయి. మనిషి జంకే చోట కూడా వేసి చూపుతున్నాయి. అయితే మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది వ్యవధి. ఫోనులో ఆట ముగిసిన వెంటనే వచ్చే పరిశీలన చాలాసార్లు ఎత్తుకు సెకనో, అంతకంటే తక్కువో చూసి చెప్పేది. ఆ కాస్త చూపులో తప్పుగా తోచిన ఏనుగు బలి, కొన్ని నిమిషాలు వెతకనిస్తే మంచి ఎత్తుగా తేలవచ్చు. ముందు తెగడి తరువాత పొగిడే గుణం యంత్రానికీ ఉంది సుమా!

రెండోది కోట. పావులు ఎక్కువున్న పక్షం ఎటు నుంచీ చొరబడలేకుండా కట్టుకున్న స్థితులు కొన్ని ఉంటాయి. అక్కడ ఎన్ని ఎత్తులు వేసినా ఫలితం డ్రాయే. కాని యంత్రం పావుల ఎక్కువను చూసి, ఒక పక్షానిదే పైచేయి అని చాలాసేపు చెబుతూనే ఉంటుంది. పెట్రోసియాన్ వంటివారు వెతికిన గళ్లు చాలావరకు ఇలాంటివే.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. ఇంజిన్ ఎదుటివాడు కూడా తనలాగే మేలైన ఎత్తులు వేస్తాడనుకుని లెక్క కడుతుంది. నాలుగు ఎత్తులకూ 'సున్నా', అంటే సమానం, అని చూపి ఊరుకుంటుంది. కాని మనుషుల ఆటలో ఆ నాలుగూ సమానం కావు. ఏనుగు అందుకున్నవాడు దాన్ని నిలబెట్టుకోవాలనే ఆత్రంలో పడతాడు. గడియారం పరుగెడుతుంది. ఒక్క సరైన దారి వెతుక్కోవలసిన భారం అతడి మీద పడుతుంది. ఇచ్చినవాడికి మాత్రం వేయవలసిన ఎత్తులు తేటగా కనిపిస్తుంటాయి. మనిషి ఈ ఎత్తును మెచ్చుకునేది అందుకే. భయమూ, అలసటా యంత్రం పద్దులోకి రావు.

పిల్లలు నేర్చుకోవలసింది

ఇక్కడే తల్లిదండ్రులు ఆలోచించవలసిన సంగతి ఉంది. పిల్లవాడు ధైర్యం చేసి ఏనుగునిస్తాడు. ఫోను ఎర్రగుర్తు పెడుతుంది. ఎందుకిచ్చావని అడిగేవారుండరు. నాలుగుసార్లు ఇలా జరిగితే వాడు ఇవ్వడం మానేస్తాడు, ఆలోచించడమూ మానేస్తాడు. యంత్రం చెప్పిన ఎత్తును గుర్తుపెట్టుకోవడమే ఆట అనుకుంటాడు. పోటీలకు వెళితే అక్కడ ఫోను లోపలికి రానివ్వరు. బల్ల ముందు కూర్చునేది పిల్లవాడు ఒక్కడే.

దీనికి తెలుగువారి ఇంటిలోనే ఉదాహరణ ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగిన దొమ్మరాజు గుకేశ్ 2019 జనవరిలో, పన్నెండేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అతడికి శిక్షణనిచ్చిన విష్ణు ప్రసన్న ఆ దశ దాకా అతడిని ఇంజిన్ జోలికి పోనివ్వలేదు. ప్రతి స్థితినీ బుర్రతోనే తేల్చుకోమన్నాడు. అందరూ యంత్రాల వెంటపడే కాలంలో అది ఎదురీతే. ఆ కుర్రవాడే 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో చైనాకు చెందిన డింగ్ లిరెన్‌ను ఓడించి, పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ పోరుకు అతడిని సిద్ధం చేసినవారిలో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. ఆ స్థాయిలో ఇంజిన్ లేకుండా ఎవరూ తయారుకాలేరన్నదీ నిజమే. వద్దన్నది యంత్రాన్ని కాదు, పునాది పడకముందే యంత్రం మీద ఆనుకోవడాన్ని.

గురువు దొరకని పల్లెలో ఫోను మేలే చేస్తుంది, వాడే వరుస తెలిస్తే. ఆట ముగిశాక ముందు బల్ల మీద పావులు పేర్చి, ఎక్కడ ఏమనుకుని ఏ ఎత్తు వేశాడో పిల్లవాడు నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ తరువాతే ఇంజిన్‌ను అడగాలి. ఎర్రగుర్తు కనిపిస్తే అక్కడే ఆగి, యంత్రాన్ని అయిదు నిమిషాలు వెతకనివ్వాలి. అప్పటికీ తప్పంటే ఆ స్థితి నుంచి యంత్రంతోనే ఆడి చూడాలి. ఒకసారి ఏనుగు ఇచ్చిన పక్షాన, మరోసారి పుచ్చుకున్న పక్షాన. ఎక్కడ ఓడిపోయాడో అక్కడ కారణం దొరుకుతుంది. కారణం తెలిసిన తప్పు మళ్లీ జరగదు. కారణం తెలియని ఒప్పు మాత్రం మరునాటికి మరచిపోతాడు.

పులిజూదంలో ఏ మేకను ఎప్పుడు వదలాలో రచ్చబండ దగ్గర పెద్దలు పిల్లలకు ముందుగా చెప్పేవారు కారు. ఆడనిచ్చి, ఓడనిచ్చి, ఆ తరువాత 'ఎక్కడ పోయిందిరా?' అని అడిగేవారు. ఫోనుకు ఆ ప్రశ్న వేయడం రాదు. అది ఇంట్లోవాళ్లే వేయాలి.