చించోరో మమ్మీలు: ఎడారి అంచున ఒక వైద్యచరిత్ర

చిలీ దేశపు ఉత్తరపు కొసన, పెరూ సరిహద్దుకు చేరువలో అరీకా అనే రేవుపట్టణం ఉంది. దానికి ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరొకవైపు అటకామా ఎడారి. ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరాన, ఆలివ్ తోటలున్న అజాపా లోయలో, తరపకా విశ్వవిద్యాలయం నిర్వహించే పురావస్తు మ్యూజియం ఉంది. మమ్మీలనగానే పిరమిడ్లను, ఫారోలను తలచుకునే సందర్శకుడి ఊహ ఇక్కడ తారుమారవుతుంది. అద్దాల వెనుక ఉన్నవారు రాజులు కారు. చేపలు పట్టి బతికినవారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

చించోరో అన్నది అరీకాలోని ఒక సముద్రతీరం పేరు. అదే ఈ సంస్కృతికీ పేరుగా స్థిరపడింది. జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞుడు మాక్స్ ఊలె 1917లో ఇక్కడి మమ్మీలను వెలుగులోకి తెచ్చాడు. వీరికి వ్యవసాయం లేదు, కుండలు లేవు, లోహం తెలియదు. అయినా సుమారు 7000 ఏళ్ళ క్రితమే, ఈజిప్షియన్ల కంటే దాదాపు రెండువేల ఏళ్ళు ముందుగా, మృతదేహాలను కృత్రిమంగా భద్రపరచడం మొదలుపెట్టారు. సంక్లిష్టమైన అంత్యక్రియలు రాజ్యాలూ పురోహితవర్గాలూ ఏర్పడ్డాకనే పుడతాయన్న అభిప్రాయానికి ఈ జాలరుల సమాధులు ఎదురుసాక్ష్యం.

వారి పద్ధతి శరీరనిర్మాణాన్ని బాగా ఎరిగినవారిది. తొలినాటి ‘నల్ల మమ్మీ’ల తయారీలో చర్మం ఒలిచి, అవయవాలనూ కండనూ తొలగించి, ఎముకలను శుభ్రం చేసేవారు. తిరిగి వాటిని యథాస్థానాల్లో పేర్చి, కర్రలను ఊతంగా పెట్టి తాళ్ళతో బిగించేవారు. బూడిద కలిపిన ముద్దతో దేహపు ఒంపులను మలచి, పైన చర్మం కప్పేవారు. చాలని చోట సముద్రసింహపు చర్మం అతికేవారు. ముఖానికి మట్టి ముసుగు, తలకు మనిషి జుట్టుతో చేసిన విగ్గు అమర్చి, నల్లని మాంగనీసు పూసేవారు. క్రీ.పూ. 2500 నాటికి పద్ధతి మారింది. దేహాన్ని పూర్తిగా విడదీయకుండా, కోతల ద్వారా అవయవాలను తీసి, లోపల పూరించి, ఎర్రమన్ను పూయసాగారు.

ఇంత శ్రమ ఎవరి కోసం? అతి ప్రాచీనమైన మమ్మీలలో శిశువులవీ, నెలలు నిండకుండానే పోయిన పిండాలవీ ఎక్కువ. అవి దొరికింది అరీకాకు దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న కమరోనెస్ లోయలో. చిలీ మానవశాస్త్రజ్ఞుడు బెర్నార్దో అరియాసా 2005లో ఈ రెండింటినీ మూడో విషయంతో ముడిపెట్టాడు. కమరోనెస్ నదీజలంలో సహజంగానే ఆర్సెనిక్ లీటరుకు సుమారు 1000 మైక్రోగ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మాత్రమే. ఈ విషం వల్ల గర్భస్రావాలు, మృతశిశు జననాలు పెరుగుతాయి. వరసగా బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం నుంచే ఈ ఆచారం పుట్టి ఉండవచ్చునని ఆయన ప్రతిపాదన.

దీనికి ఆధునిక కాలపు ఊతమూ ఉంది. అదే ఎడారిలోని ఆంతోఫగాస్తా నగరవాసులు 1958 నుంచి 1970 వరకు ఆర్సెనిక్ అధికంగా ఉన్న నదీజలాన్ని తాగారు. ఆ కాలంలో అక్కడ శిశుమరణాలు పెరిగాయని, దశాబ్దాల తరవాత కూడా ఊపిరితిత్తుల, మూత్రాశయపు కాన్సర్లు అధికంగా కనిపించాయని అధ్యయనాలు తేల్చాయి. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీరు ఎముకలను వంచిన సంగతి తెలిసిన తెలుగువారికి, తాగే నీరే తరతరాలను ఎలా పీడించగలదో వేరే చెప్పనక్కర్లేదు.

చించోరో మమ్మీల వెంట్రుకల్లోనూ ఆర్సెనిక్ బయటపడింది. అయితే అది విషానికి గురైన సంగతిని చెబుతుందే తప్ప మరణకారణాన్ని నిర్ధారించదు. పైగా మరో వివరణ ఉంది. ఈ ఎడారిలో శవాలు వాటంతట అవే ఎండి నిలిచిపోతాయి. వాటిని తరతరాలుగా చూసినవారికి ఆ పనిని తామే చేపట్టాలన్న ఆలోచన కలిగి ఉంటుందని పాబ్లో మార్కెట్ బృందం 2012లో వాదించింది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. దారి ఎడారి చూపి ఉండవచ్చు, ఆ దారి పట్టడానికి దుఃఖం కారణమై ఉండవచ్చు.

ఈ దేహాల్లో రోజువారీ జీవితమూ కనిపిస్తుంది. పలువురు పురుషుల చెవి నాళాల్లో ఎముక పెరిగి ఉంది; చల్లని నీటిలో ఏళ్ళతరబడి మునిగేవారికి వచ్చే మార్పు అది. అరీకా పట్టణంలోనే, మోర్రో కొండ పాదాన, కొలోన్ 10 అనే చిన్న మ్యూజియం ఉంది. 2004లో అక్కడ నిర్మాణం కోసం తవ్వుతుండగా సమాధులు బయటపడ్డాయి. కదిలిస్తే విరిగిపోయే స్థితిలో ఉన్న ఆ అస్థిపంజరాలను ఉన్నచోటనే ఉంచి, పైన గాజునేల పరిచారు. సందర్శకులు దానిమీద నడుస్తూ కిందికి చూస్తారు.

చించోరో స్థలాలను యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ వేల ఏళ్ళు ఇసుకలో నిలిచిన దేహాలు మ్యూజియంలో చెడసాగాయి; కొన్నింటి చర్మం నల్లని జిగురుగా మారుతోంది. గాలిలో తేమ పెరగడంతో, చర్మంపై మామూలుగా ఉండే సూక్ష్మజీవులే దాన్ని తినివేస్తున్నాయని హార్వర్డ్ పరిశోధకులు 2015లో వెల్లడించారు. ఇంకా తవ్వి తీయని దేహాలకూ ఈ ప్రమాదం తప్పదు. లిపి లేని ఈ జనం తాగిన నీటి గురించీ, పోగొట్టుకున్న బిడ్డల గురించీ చెప్పగలిగినవి ఈ దేహాలే. అరియాసా ప్రతిపాదన నిజమో కాదో తేలాలన్నా అవి మిగిలి ఉండాలి.