సెల్‌ఫోను పేరయ్య

అబ్బాయిని ప్రేమించే అబ్బాయికి పెళ్ళిళ్ళ పేరయ్య దొరకడు గదా! అందుకే సెల్‌ఫోనే పేరయ్య. 2009లో వచ్చిన గ్రైండర్ వంటి ఆప్‌లు, ఎదుటివాడు ఎన్ని కిలోమీటర్లలో ఉన్నాడో చెబుతాయి. అయితే ఆ లెక్క తిన్నని గీత. శ్రీశైలంలో కూర్చుంటే, కృష్ణ అవతలి కుర్రవాణ్ణి "పక్కనే" అంటుంది. ఘాట్ రోడ్డు వంకరలు దానికేం తెలుసు? పైగా పులుల కోసం నల్లమల గేట్లు రాత్రి 9కే మూస్తారు. కబుర్లు ఆలోపే ముగించాలన్నమాట! గది అడిగితే మాత్రం ఇబ్బందిలేదు. "అన్నదమ్ములా?" అంటారు, తల వూపితే సరి.

నవ్వు సరే, ముల్లూ ఉంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదన్నది. ఆప్‌లోనే పరిచయమైన హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ తదితరులు పెళ్ళి హక్కు అడిగితే, 2023 అక్టోబరు 17న కాదన్నది. అందాకా తల వూపడమే!