కంప్యూటరు పని ఊరిలోనే నిలువవలెను: తెర రికార్డింగు చేయు విధానము

పూర్వము పంచాయతీ కార్యాలయములోని పని యంతయు దస్త్రములలో కనబడెడిది. తీర్మానముల పుస్తకము, పన్నుల డిమాండు రిజిస్టరు, నగదు పుస్తకము బల్లమీద నుండెడివి. కొత్తగా వచ్చిన ఉద్యోగి వాటిని తిరుగవేసి, వెనుకటివారు ఏ పనిని ఎట్లు చేసిరో గ్రహించెడివాడు. నేడు ఆ పనిలో పెద్ద భాగము కంప్యూటరు తెరమీదికి మారినది. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వేదికలో గ్రామాభివృద్ధి ప్రణాళిక, పనుల ప్రగతి, జమాఖర్చులు నమోదగుచున్నవి.

ఇందువలన ఎంతో మేలు కలిగినది. కాని ఒక చిక్కు కూడ వచ్చినది. ఏ మీట నొక్కిన ఏ పుట తెరచుకొనునో, ఏ గడిలో ఏ వివరము నింపవలెనో కార్యాలయములో ఒకరిద్దరికి మాత్రమే తెలిసియుండును. వారికి బదిలీ యైనను, వారు దీర్ఘకాలము సెలవు పెట్టినను పని ఆగిపోవును. కొత్తవారు పాతవారికి ఫోను చేసి, ఒక్కొక్క మెట్టు అడిగి తెలిసికొనవలసి వచ్చును. సర్పంచి, వార్డు సభ్యులు మాత్రము తమ ఊరి పని తెరమీద ఎట్లు నడచుచున్నదో ఎరుగకయే యుందురు. ఊరి బాధ్యత వహించిన వారికి ఇది తగని స్థితి.

ఈ చిక్కును తీర్చుకొనుటకు ఖర్చులేని సాధనమొకటి గలదు. అదియే కంప్యూటరు తెర రికార్డింగు. పని తెలిసినవారు పని చేయుచు మాటలతో వివరించుచుండగా, తెరమీద జరిగినదంతయు వారి కంఠధ్వనితో సహా వీడియోగా నిలిచిపోవును. తరువాత వచ్చినవారు దానిని ఎన్నిసార్లయినను ఆపి ఆపి చూచి నేర్చుకొనవచ్చును.

ఓబీఎస్ స్టూడియో

తెరను రికార్డు చేయుటకు ఎదుట కెమెరా పెట్టనక్కరలేదు. ఇందుకై ఏర్పడిన సాఫ్ట్‌వేర్, తెరమీది దృశ్యమును సెకనుకు ఇన్నిసార్లు చొప్పున గ్రహించి, మైకులోని మాటను దానితో జోడించి ఒక ఫైలుగా భద్రపరచును. ఇట్టివి పలుగలవు. వాటిలో విశేషముగా వాడుకలోనున్నది ఓబీఎస్ స్టూడియో. ఓబీఎస్ మొదట 2012లో వెలువడినది. దీనిని ఉచితముగా పొందవచ్చును. దీని మూలరచన అందరికిని బహిరంగము. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోను ఇది పనిచేయును.

దీనిని తయారు చేసినవారి సొంత వెబ్‌సైటు నుండి మాత్రమే తెచ్చుకొనవలెను. అదే పేరు పెట్టుకొని ఇతరులు ఇచ్చు ఫైళ్ళలో హాని కలిగించునవి ఉండవచ్చును. కార్యాలయపు కంప్యూటరులో దేనినైనను చేర్చుటకు ముందు పై అధికారుల అనుమతి పొందుట మంచిది.

మొదటి ఏర్పాట్లు

ఓబీఎస్‌ను మొదటిసారి తెరచినప్పుడు, దానిని ఏ పనికై వాడుదురని అది అడుగును. ప్రత్యక్ష ప్రసారము, రికార్డింగు అను వానిలో రికార్డింగునే ఎన్నుకొనవలెను. అప్పుడది కంప్యూటరు శక్తిని పరీక్షించి, తగిన సెట్టింగులను తానే సూచించును.

క్రింది భాగమున సీన్స్, సోర్సెస్, ఆడియో మిక్సర్, కంట్రోల్స్ అను అరలు కనబడును. సీన్ అనగా రంగస్థలము వంటిది. సోర్స్ అనగా ఆ రంగస్థలము మీదికి వచ్చు పాత్ర. సోర్సెస్ క్రిందనున్న కూడిక గుర్తును నొక్కి, దేనిని రికార్డు చేయవలెనో చెప్పవలెను. సోర్స్ ఏదియు చేర్చనిచో వట్టి నల్లని తెరయే రికార్డగును.

ఇందు రెండు మార్గములు ముఖ్యమైనవి. డిస్‌ప్లే క్యాప్చర్ అనునది తెర మొత్తమును పట్టును. విండో క్యాప్చర్ అనునది ఎన్నుకొన్న ఒక్క కిటికీని మాత్రమే పట్టును. పంచాయతీ పనికి రెండవదే మేలు. పని మధ్యలో ఎవరిదైనను సొంత సందేశము తెరపై తోచినచో, మొదటి పద్ధతిలో అదియు రికార్డులో చేరును, రెండవ పద్ధతిలో చేరదు. విండోస్ కంప్యూటరులో ఎన్నుకొన్న కిటికీ నల్లగా కనబడినచో, ఆ సోర్స్‌లోని క్యాప్చర్ మెథడ్ అనుచోట విండోస్ 10 పేరుగల పద్ధతిని ఎన్నుకొనిన సాధారణముగా సరియగును.

దృశ్యమునకు సంబంధించిన సెట్టింగులు

సెట్టింగ్స్ అను మీట నొక్కి, అందులో వీడియో అను విభాగమును చూడవలెను. అచ్చట రెండు కొలతలుండును. బేస్ రిజల్యూషన్ అనునది రికార్డింగుకు ఆధారమైన తెర కొలత. అవుట్‌పుట్ రిజల్యూషన్ అనునది తయారగు వీడియో కొలత. తెర 1920×1080 ఐనచో రెండింటిని అట్లే ఉంచుట మంచిది. వీడియోను 1280×720కు తగ్గించినచో ఫైలు చిన్నదగును గాని, ఫారములలోని సన్నని అక్షరములు మసకబారవచ్చును. అక్షరము చదువరాని పాఠము వలన ప్రయోజనము లేదు. బ్రౌజరులో కంట్రోల్ మీటతో కూడిక గుర్తును నొక్కి పుటను కొంత పెద్దది చేసికొనినచో, సెల్‌ఫోనులో చూచువారికి కూడ తేటగా కనబడును.

సెకనుకు ఎన్ని చిత్రములు గ్రహింపవలెనో కూడ అచ్చటనే నిర్ణయింపవచ్చును. సినిమా చిత్రములకు సెకనుకు 24 అనునది చిరకాలముగా నున్న కొలత. ఆటలు రికార్డు చేయువారు 60 పెట్టుకొందురు. ఫారములు నింపు పనిలో తెర మెల్లగా మారును గనుక 30 చాలును. కంప్యూటరు పాతదైనచో 20 పెట్టినను లోటు లేదు.

ఫైలు, దాని భద్రత

అవుట్‌పుట్ అను విభాగములో రికార్డింగు ఏ ఫోల్డరులో చేరవలెనో ముందుగా నిర్ణయింపవలెను. "పంచాయతీ పాఠములు" అని ఒక ఫోల్డరు తెరచి దానిని చూపినచో, వెదకు శ్రమ తప్పును. నాణ్యత అనుచోట హై క్వాలిటీ అని యున్నది సరిపోవును.

అక్కడనే ఫైలు రకమును ఎన్నుకొను చోటు గలదు. గ్రామములలో కరెంటు పోవుట అసాధారణము కాదు. మామూలు ఎంపీ4 రకములో రికార్డు చేయుచుండగా కంప్యూటరు హఠాత్తుగా ఆగినచో, అంతవరకు చేసినది తెరచుటకు వీలుకాక పోవచ్చును. ఎంకేవీ రకములో ఐనచో అంతవరకు రికార్డైన భాగము దక్కును. కావున ఎంకేవీలో రికార్డు చేసి, పిదప ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్ ద్వారా ఎంపీ4గా మార్చుకొనవలెను. ఇందుకు కొద్ది క్షణములే పట్టును, నాణ్యత తగ్గదు. 2024లో వెలువడిన 30.2వ వెర్షను నుండి హైబ్రిడ్ ఎంపీ4 అను రకము కూడ వచ్చినది. అదియు ఇట్టి ఆపదకు తట్టుకొనునదే.

ఫైలు పరిమాణమును లెక్కించుట సులభము. సగటున సెకనుకు 2,500 కిలోబిట్ల చొప్పున నమోదైన వీడియో నిమిషమునకు సుమారు 19 మెగాబైట్లగును, పది నిమిషములకు సుమారు 190 మెగాబైట్లగును. తెర కదలక నిలిచియున్న పాఠములకు ఇంతకంటె తక్కువయే పట్టవచ్చును. ఒక నిమిషము రికార్డు చేసి ఫైలు పరిమాణము చూచుకొనినచో తక్కినది అంచనా వేయవచ్చును.

రికార్డింగు చేయునపుడు కంప్యూటరు మందగించినచో, ఎన్‌కోడర్ అనుచోట హార్డ్‌వేర్ అని యున్నదానిని ఎన్నుకొనవలెను. అప్పుడు వీడియోను కుదించు శ్రమ ప్రధాన ప్రాసెసరు నుండి గ్రాఫిక్సు భాగమునకు మారును. అన్ని కంప్యూటర్లలో ఈ సదుపాయము ఉండదు.

మాట తేటగా వినబడవలెను

దృశ్యము కొంత మసకబారినను చూచువారు సహింతురు, మాట వినబడకున్న సహింపరు. ఆడియో మిక్సరులో మాటకు తగినట్లు కదలు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలుండును. మామూలుగా మాటలాడునపుడు గీత పసుపు భాగమును అందుకొనుచు, ఎరుపును తాకకుండునట్లు మైకును సరిచేసికొనవలెను. ఎరుపును తాకినచో మాట పగిలినట్లు వినబడును. గీత కదలనే లేదన్నచో సెట్టింగ్స్‌లోని ఆడియో విభాగములో మైకు పేరు సరిగా ఎన్నుకొనలేదని గ్రహింపవలెను. పంకా చప్పుడు తగ్గించుటకు మైకునకు నాయిస్ సప్రెషన్ అను ఫిల్టరు చేర్చవచ్చును. అంతకంటె, ఆ పది నిమిషములు పంకా ఆపివేయుట ఇంకను సులభము.

రికార్డు కాగూడనివి

ఈ సాధనమునకు విచక్షణ లేదు. తెరమీద ఏది యున్న దానిని అది దాచిపెట్టును. కావున విచక్షణ మనదే కావలెను. పాస్‌వర్డులు, ఓటీపీలు, డిజిటల్ సంతకపు పిన్ను, లబ్ధిదారుల బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు రికార్డులో కనబడరాదు. ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించుటను, ప్రదర్శించుటను 2016 నాటి ఆధార్ చట్టములోని 29వ సెక్షను నిషేధించుచున్నది. ఒక వితంతువు పింఛను దరఖాస్తు నింపు విధమును చూపబోయి, ఆమె ఆధార్, బ్యాంకు వివరములను ఊరి వాట్సాప్ బృందమునకు పంపినచో, ఆమెను మోసగాండ్ర చేతికి అప్పగించినట్లే యగును.

ఇందుకు మూడు జాగ్రత్తలు చాలును. మొదటిది, లాగిన్ ఐన తరువాతనే రికార్డింగు ప్రారంభింపవలెను. రెండవది, మధ్యలో రహస్య వివరములు నింపవలసి వచ్చినచో, రికార్డింగు మీట ప్రక్కన కనబడు పాజ్ మీటను ముందుగా నొక్కి, ఆ పుట దాటిన పిదప మరల కొనసాగింపవలెను. మూడవది, ఫైలును ఎవరికిని ఇయ్యకముందు మొదటి నుండి తుది వరకు ఒకమారు చూడవలెను. రహస్య వివరము ఎక్కడనైనను కనబడినచో ఆ ఫైలును తొలగించి, పాఠమును మరల రికార్డు చేయవలెను. పది నిమిషముల శ్రమకు వెనుకాడి ఒకరి రహస్యమును బయటపెట్టరాదు. ఆన్‌లైను సమావేశమును రికార్డు చేయదలచినచో పాల్గొనువారికి ముందుగా చెప్పి వారి సమ్మతి పొందవలెను.

పాఠము తయారుచేయు క్రమము

ఒక్కొక్క వీడియోలో ఒక్క పనినే చూపవలెను. ఐదు నుండి పది నిమిషములు మించకున్న చూచువారికి విసుగు కలుగదు. చెప్పదలచిన మెట్లను ముందుగా కాగితముమీద వరుసగా వ్రాసికొనవలెను. పది సెకనులు రికార్డు చేసి, బొమ్మయు మాటయు సరిగా వచ్చినవో లేదో చూచుకొని, పిదప అసలు పాఠము మొదలిడవలెను. మీట నొక్కుటకు ముందు, "ఇప్పుడు ఫలానా మీట నొక్కుచున్నాను, ఇందుకు కారణమిది" అని చెప్పవలెను. కారణము తెలిసినవాడు తెర రూపు కొంత మారినను తడబడడు.

కంప్యూటరు ఎరుగని వార్డు సభ్యులొకరు ప్రక్కన కూర్చుండి, తమకు తోచిన సందేహములను అడుగుట మిక్కిలి మేలు. పనిలో ఆరితేరినవారు తమకు సులభమైన మెట్టును చెప్పకయే దాటిపోవుదురు. ఎరుగనివారి ప్రశ్న ఆ మెట్టును బయటికి తెచ్చును.

తయారైన ఫైలునకు పని పేరు, తేదీ కలిపి పేరు పెట్టవలెను. ఒక ప్రతిని కంప్యూటరులోను, మరియొక ప్రతిని పెన్‌డ్రైవులోను భద్రపరచి, కార్యాలయపు రిజిస్టరులో ఒక పంక్తి వ్రాయవలెను. వెబ్‌సైటుల రూపు మారుచుండును గనుక, మారినప్పుడు పాత పాఠమును తీసివేసి కొత్తదానిని చేర్చవలెను. ఈ వీడియోలు నేర్పుటకు మాత్రమే. తీర్మానముల పుస్తకమునకు గాని, లెక్కల రిజిస్టరులకు గాని ఇవి బదులు కాజాలవు.

మొదటి పాఠము ఏది?

ఈ-గ్రామస్వరాజ్‌లో తమ ఊరి ప్రణాళికను, పనులను, ఖర్చును పౌరులు లాగిన్ లేకయే చూడవచ్చును. ఆ వివరములను వెదకు విధమే మొదటి పాఠముగా మిక్కిలి తగినది. అందు దాచవలసిన రహస్యమేదియు లేదు. దానిని గ్రామసభలో ప్రదర్శించినచో, ఊరి సొమ్ము దేనికై వ్యయమైనదో చూచుకొను దారి ప్రతి ఇంటికిని తెలియును. చదువుకొన్న యువకులు తమ సెల్‌ఫోనులలో చూచి, పెద్దలకు చదివి చెప్పగలరు.

రాబోవు సమావేశములో సభ్యులు ఒక ప్రశ్న వేసికొనవలెను: మన కార్యాలయములో ఒక్కరికి మాత్రమే తెలిసిన పనులు ఏవేవి? వాటి పట్టిక వ్రాసి, నెలకు ఒక్కటి చొప్పున రికార్డు చేయించినచో, ఏడాది గడచునాటికి పండ్రెండు పాఠములు సిద్ధమగును. ఉద్యోగులు వత్తురు, పోవుదురు. పాలకవర్గములును మారుచుండును. పని తెలిసినవారు వెళ్ళినను, ఆ తెలివి ఊరిలో నిలిచియుండునట్లు చూచుట పంచాయతీ బాధ్యత.