నేల దక్కినా నిలవని ఊరు

దళితులకు భూమి దక్కితే చాలునా? ఈ ప్రశ్నకు అమెరికాలోని ఒక చిన్న ఊరి చరిత్ర సగం జవాబు చెబుతుంది. కాన్సాస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీలోని నికోడెమస్, సొంత పురపాలక ప్రతిపత్తి లేని వ్యవసాయ గ్రామం.

బానిసత్వం రద్దయినా దక్షిణాది నల్లజాతివారికి సాగుభూమి రాలేదు. పాత యజమానుల పొలాలనే పాలుకు చేస్తూ అప్పుల్లో కూరుకుపోయారు. 1877లో కెంటకీ నుంచి మాజీ బానిసల కుటుంబాలు పడమటికి కదిలాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాల వరకు భూమికి హక్కు ఇచ్చింది. అక్కడ ఇళ్లకు కలప లేదు. నేలను తొలిచి అందులోనే తలదాచుకున్నారు. ఆ తొలి చలికాలం వారిని ఆదుకున్నది వేట నుంచి తిరిగి వస్తూ ఆహారం పంచిన ఒసేజ్ ఆదివాసులు. విచిత్రమేమిటంటే, ప్రభుత్వం పంచిపెట్టిన ఆ మైదానాలన్నీ ఆదివాసుల నుంచి లాక్కున్నవే.

పదేళ్లలో చర్చిలు, బడి, దుకాణాలు, పత్రికలు వెలిశాయి. ఆ ఊరి నాయకుడు ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు. కానీ 1888లో రైలుమార్గం సాలమన్ నదికి ఆవలి ఒడ్డున పడింది. వ్యాపారాలు స్టేషను వైపు తరలిపోయాయి. 1930ల కరవు, ధూళి తుపానులు మిగిలినవారినీ చెదరగొట్టాయి. రుణాల మంజూరులో నల్లజాతి రైతులపై చూపిన వివక్షకు అమెరికా వ్యవసాయ శాఖ పరిహారం చెల్లించేందుకు ఒప్పుకున్నది 1999లో మాత్రమే. 1996లో నికోడెమస్ జాతీయ చారిత్రక స్థలమైంది. గుర్తింపు దక్కేనాటికి ఊళ్లో మిగిలినవారు కొద్దిమందే.

నల్లజాతి విముక్తితో మన కులప్రశ్నకున్న బంధం పాతది. 1873లో జోతిరావు ఫూలే తన 'గులాంగిరీ'ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో అంబేడ్కర్ షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేక గ్రామాలు కోరాడు. అయితే ఆయన ఊళ్లను మాత్రమే అడగలేదు. వాటి కోసం బంజరు భూములను ధర్మకర్తగా నిర్వహించే సెటిల్‌మెంట్ కమిషన్‌ను, ఏటా 5 కోట్ల రూపాయల కేంద్ర నిధిని కూడా అడిగాడు. పెత్తందారీ ఊరి నుంచి బయటపడటం విముక్తిలో మొదటి మెట్టే. రహదారి, నీరు, రుణం ఎటు పోవాలో నిర్ణయించే అధికారం లేకపోతే వేరుపడిన ఊరు కూడా ఒంటరిదవుతుంది.

తెలుగు నేలపై అసైన్డ్ పట్టా చేతికిచ్చి నీటివసతి, బాట, బ్యాంకు రుణం మరచిన ప్రభుత్వాలు ఈ పాఠం చదవాలి. ఎన్ని ఎకరాలు పంచారన్న లెక్కతో భూపంపిణీ ముగియదు. ఆ ఎకరాలు పదేళ్ల తర్వాత ఎవరి సాగులో ఉన్నాయన్నదే అసలు లెక్క.