బడి తెరచిన నాడు

వేసవి సెలవులు ముగిసి, జూన్ మాసమున పాఠశాలలు తెరచు దినము బాలబాలికలలో అనేకులకు పండుగ వంటిది. క్రొత్త పుస్తకములు, క్రొత్త తరగతి గది, చాలనాళ్లకు కలిసికొన్న స్నేహితుల ముచ్చటలు వారికి సంతోషము కలిగించును. కాని ఆనాడే ఒక బాలుడు చెవులు మూసికొని గుమ్మము కడనే నిలిచిపోవచ్చును. లోనికి రమ్మన్నచో ఏడ్వవచ్చును. చూచువారు అతనిని మొండివాడని తలంతురు. అది మొండితనము కాదు. ఆటిజము గల పిల్లలలో పెక్కుమందికి ఆ క్రొత్తదనమే భయకారణము.

ఆటిజము అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పెంపకములోని లోపము వలన కలుగునదియు కాదు. అది మెదడు పెరుగుదలలో బాల్యము నుండియే యుండు భేదము. 1943వ సంవత్సరమున లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను పరిశీలించి దీని లక్షణములను వివరించెను. తమ చుట్టునున్నది మారక ఒకే తీరున నుండవలెనను గాఢమైన కోరికను ఆయన వారియందు గమనించెను. ఆటిజము గలవారందరు ఒకే రీతిగా నుండరు. కొందరు మిక్కిలి తక్కువగా మాటలాడుదురు. కొందరు తమకు ప్రియమైన విషయమును గూర్చి గంటలకొలది చెప్పగలరు.

వీరిలో కొందరికి ధ్వనులు, వెలుగు, స్పర్శ మిక్కిలి తీవ్రముగా తోచును. పశుశాస్త్ర ఆచార్యురాలైన టెంపుల్ గ్రాండిన్ ఆటిజము గల విదుషి. చిన్నతనమున బడిగంట మ్రోగినపుడు, దంతవైద్యుని యంత్రము నరమును తాకినట్లు బాధ కలిగెడిదని ఆమె తెలిపినది.

సెలవులలో నిద్రవేళలు, భోజనవేళలు మారును. అలవాటైన ఆ క్రొత్త క్రమము బడి తెరచిన ఉదయమున ఒక్కసారిగా తలక్రిందులగును. కావున సిద్ధపాటు ముందుగానే మొదలు కావలెను. బడి తెరచుటకు రెండు వారముల ముందునుండి ఇంటివారు మేల్కొలుపు వేళను దినదినము కొంచెము కొంచెముగా జరుపవచ్చును. బిరుసుగానుండు క్రొత్త యూనిఫారమును పలుమార్లు ఉతికి, మెత్తబడిన పిదప తొడుగవచ్చును. పాఠశాల నిశ్శబ్దముగా నున్న ఒకనాడు బిడ్డను తీసికొనిపోయి తరగతి గదిని, కూర్చుండు బల్లను, నీళ్లకుళాయిని, ఉపాధ్యాయుని చూపినచో సగము భయము తీరును.

తరగతిలో ఉపాధ్యాయుడు చేయదగినది మరికొంత కలదు. ప్రార్థన, తెలుగు, లెక్కలు, మధ్యాహ్న భోజనము, ఆటలు అను వరుసను బొమ్మలతో ఒక అట్టపై చూపవచ్చును. ఒక పని ముగిసిన పిదప ఏది రానున్నదో బిడ్డకు దానివలన తెలియును. మార్పు తప్పనిచో ముందుగా తెలుపవలెను. ఒక పర్యాయము ఒక పనినే చెప్పి, ప్రత్యుత్తరమునకు కొంత వ్యవధి నీయవలెను. మనసు కలత చెందినపుడు కొంతసేపు కూర్చుండుటకు నిశ్శబ్దమైన చోటు చూపవలెను. అది శిక్ష కాదు, విశ్రాంతి.

తోటి విద్యార్థుల పాత్ర వీరందరి పాత్రకు తీసిపోదు. అతడు కూర్చుండు చోటును ఆక్రమింపరాదు. వెనుకనుండి హఠాత్తుగా తాకరాదు. కన్నులలోనికి చూడలేదని, మాట తిరిగి తిరిగి పలికెనని పరిహసింపరాదు. హాస్యమునకు అన్నమాటను అతడు నిజమని నమ్మినచో, దాని యర్థమును నెమ్మదిగా చెప్పవలెను. ఆటకు పిలువవలెను, రానన్నచో బలవంతము చేయక, మరునాడు మరల పిలువవలెను. ఒక్కనాటి పరిహాసము వలన బడి యనిన బెదరి, చదువునకే దూరమగు పిల్లలుందురు.

భారతదేశమున 2016వ సంవత్సరమున చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును కూడ పేర్కొని, ఇట్టి పిల్లలు తక్కినవారితో కలిసి చదువుకొను ఏర్పాట్లు ఉండవలెనని తెలుపుచున్నది. చట్టము పాఠశాల తలుపును తెరువగలదు. లోపల బల్లపై ప్రక్కకు జరిగి చోటిచ్చువారు మాత్రము తోటి విద్యార్థులే.